ఓడలో వారం, దీవిలో పూట

న్యూజెర్సీలో ఉంటున్న ఈ దంపతులు నాకు చాలాకాలంగా తెలుసు. ఆయనది బోధన్ దగ్గర ఒక పల్లె. ఆవిడది కరీంనగర్. పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక, పోయిన చలికాలం ఇద్దరూ కరీబియన్ సముద్రంలో క్రూజ్‌కి వెళ్ళొచ్చారు. ప్యూర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లో ఓడెక్కి, సెయింట్ థామస్, బార్బడోస్, సెయింట్ లూసియా, సెయింట్ కిట్స్, సెయింట్ మార్టిన్ దీవులు చుట్టి మళ్ళీ సాన్ హువాన్‌లోనే దిగారు. వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఒకటే వాదన. నా ముందు కూడా జరిగింది. ఇద్దరి మాటల్లోనూ నన్ను వదలని సంగతులున్నాయి. అందుకే వాళ్ళ అనుమతితో, ముందువెనకలైన మాటల్ని కాస్త వరసలో పెట్టి రాస్తున్నాను.

ఆయన: ఐదు దీవులు చూశామని ఫోన్ చేసినవాళ్ళందరికీ చెప్తున్నావు. మనం చూసింది ఐదు రేవులు. పొద్దున ఎనిమిదికి దింపారు, సాయంత్రం ఐదయ్యేసరికి ఎక్కించుకున్నారు. దిగినప్పటి నుంచి నా కళ్ళు వాచీ మీదే. ఓడవాళ్ళు అమ్మిన టూర్‌లో పోతే ఆలస్యమైనా ఓడ ఆగుతుంది. సొంతంగా తిరిగేవాళ్ళ కోసం ఆగదు. అంటే దీవిని తన ఇష్టంగా చూద్దామనుకున్నవాడికే భయం. ఇదేం చూడటం?

ఆవిడ: మీరు చూడటానికి వచ్చారు. నేను ఆగటానికి వచ్చాను. ముందు ఆ తేడా ఒప్పుకోండి. మన పెళ్ళైన దగ్గర్నుంచి పోయిన ఏ ఊరైనా తీసుకోండి. యెల్లోస్టోన్ పోయినప్పుడు కారు డిక్కీలో రైస్ కుక్కరు, కరెంటు పొయ్యి, పెరుగు డబ్బా. పిల్లలు వేడినీళ్ళు చిమ్మడం చూడాలని పరిగెత్తుతుంటే నేను వెనకాల పులిహోర డబ్బాలు సర్దుతున్నాను. ఓర్లాండోలో వంటిల్లు ఉన్న గదే కావాలన్నారు, బయటి తిండి మీకు పడదని. సెలవు మీకు, వంట నాకు. ఓడలో మొదటి పొద్దున లేచి, ఇవాళ టిఫిన్ ఏం చెయ్యాలన్న ఆలోచన లేకుండా బాల్కనీలో కూచున్నానే, అప్పుడు ఏడుపొచ్చింది నాకు. మీకు చెప్పలేదు.

ఆయన: చెప్పాల్సింది.

ఆవిడ: చెప్తే ఏం చేసేవారు? ‘అరే, ముందే అనుంటే బయట తినేవాళ్ళం కదా’ అనేవారు. ముప్పై ఏళ్ళుగా వింటున్న మాటే అది.

ఆయన దీనికి జవాబివ్వలేదు. ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. ఊరి మధ్యలో ఇల్లు అద్దెకు తీసుకోవాలి, సంతలో కూరగాయలు కొనుక్కోవాలి, నెమ్మదిగా బతకాలి అని ప్రయాణాల గురించి రాసేవాళ్ళని నేనూ ఇష్టంగా చదువుతాను. ఆ కూరగాయలు ఎవరు తరిగారో, గిన్నెలు ఎవరు తోమారో వాళ్ళు రాయరు. ఈవిడ కోరుకున్న విశ్రాంతిని చిన్నచూపు చూసి మొదలుపెట్టే ఏ వాదనా నాకు సమ్మతం కాదు.

ఆయన: నీ విశ్రాంతిని నేను కాదనడం లేదు. దానికి దీవులెందుకని అడుగుతున్నాను. ఓడ నడిసముద్రంలో తిరిగినా నీకు చాలేది. సెయింట్ థామస్‌లో ఏం చేశాం? నగల దుకాణాల వీధిలో కాసేపు, మేగన్స్ బే ఇసకలో కాసేపు. ఆ దీవుల్ని అమెరికా 1917లో డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్ల బంగారమిచ్చి కొన్నది. అమ్మాలా వద్దా అని డెన్మార్క్‌లో ఓటింగ్ పెట్టారు, దీవుల్లో ఉన్నవాళ్ళకు మాత్రం ఓటు లేదు. ఊరు ఊరంతా చేతులు మారింది. ఆ వీధిలో వజ్రాలమ్మే మందపాటి గోడల దుకాణాలు చాలావరకు డెన్మార్క్ కాలపు గోదాములే. ఈ సంగతులన్నీ నేను ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నాను. అక్కడ నిలబడి ఉన్నప్పుడు నాకేం తెలియలేదు.

ఆవిడ: మీరు పుస్తకంలో చదివేది చూశారు కాబట్టి తెలియలేదు. నేను టాక్సీ నడిపే ఆవిడని అడిగాను. మీరు ముందు సీట్లో మ్యాపు చూసుకుంటున్నారు. ఆ దీవిలో నది లేదు. ఇల్లు కడితే కప్పు మీద పడ్డ వాన నీళ్ళు పట్టుకునే తొట్టి కట్టుకోవాలని అక్కడ చట్టమే ఉంది. కొండ మీద ఒక ఇంటి దగ్గర బండి ఆపి చూపించింది. కప్పు అంచు చుట్టూ కాలవ, కాలవ చివర గొట్టం, గొట్టం తిన్నగా ఇంటి కింద తొట్టిలోకి. వాన పడని నెలల్లో ట్యాంకరు నీళ్ళు కొనుక్కుంటారట. మా కరీంనగర్‌లో ఎండాకాలం మా అమ్మ ట్యాంకరు కోసం వాకిట్లో నిలబడేది. ఆ మాట చెప్తే ఆవిడ నా భుజం తట్టింది. ఇసకలోకి దిగేముందు నా చేతిలో సన్‌స్క్రీన్ తీసుకుని వెనక రాసింది చదివింది కూడా. పగడాలను చంపే మందులున్నవి 2020 నుంచి ఆ దీవుల్లో అమ్మనివ్వరు, పూసుకోనివ్వరు. నేను రేవే చూశానంటే ఎట్లా?

ఆయన: పూటలోనే ఇంత తెలిసిందంటే, పది రోజులుంటే ఎంత తెలిసేది?

ఆవిడ: పది రోజులుంటే నాకు వంటిల్లు తెలిసేది.

ఆయన: బార్బడోస్ సంగతి చెప్తాను విను. నువ్వు నవ్వుతావు, ఫర్వాలేదు. రేవు నుంచి కెన్సింగ్టన్ ఓవల్‌కి నడుచుకుంటూ పోయాను. 2024 జూన్ 29న మనవాళ్ళు దక్షిణాఫ్రికా మీద ఏడు పరుగులతో గెలిచి టీ20 ప్రపంచ కప్పు ఎత్తింది అక్కడే. రోహిత్ పిచ్ మీది మట్టి చిటికెడు తీసి నోట్లో వేసుకున్నది అక్కడే. బయట గారీ సోబర్స్ విగ్రహం ఉంది. దాని పక్కన ఒక ముసలాయన కూచుని ఉన్నాడు. ఇండియానా అని అడిగి, ఆ కప్పు మాట ఆయనే ఎత్తాడు. నేను బెరిల్ తుఫాను గురించి అన్నాను, మా టీమ్ హోటల్లో ఇరుక్కుపోయింది, విమానాలు లేవు, మేమంతా కంగారుపడ్డాం అని. ఆయన నా మొహంలోకి చూసి, అదే తుఫాను అలలకు ఇక్కడి జాలర్ల పడవలు ముక్కలైపోయినయి, ఆ సంగతి మీ టీవీలో వచ్చిందా అన్నాడు. నాకు మాట రాలేదు. ఆయనతో ఇంకాసేపు కూచోవాలి, ఆ పడవలు నిలిపే చోటికి పోవాలి అనిపించింది. వాచీ చూసుకున్నాను. తిరిగొచ్చేశాను. నా బాధ అది. మనకు కావాల్సిన ముక్క తెంపుకుని వచ్చేశాం.

ఆవిడ: ఆ మాట మాత్రం నాకూ గుచ్చుకుంది.

ఆవిడ ఆ పొద్దున సముద్రపు ఒడ్డునే ఉండిపోయారట. అక్కడ ఒక చెట్టు మొదలుకి ఎర్ర రంగు పట్టీ కొట్టి ఉంది. పచ్చటి చిన్న చిన్న ఆపిల్ పళ్ళలాంటివి రాలి ఉన్నాయి. నీడ బాగుందని ఆ కిందికి పోబోతే కుర్చీలు అద్దెకిచ్చే అబ్బాయి పరిగెత్తుకొచ్చి ఆపాడట. అది మాంచినీల్ చెట్టు. పాలు తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. వాన వచ్చినప్పుడు దాని కింద నిలబడితే ఆకుల మీంచి జారిన నీళ్ళు చాలు. పండు నోట్లో పెట్టకూడదు. ఇసక కొట్టుకుపోకుండా వేళ్ళతో పట్టి ఉంచుతుంది కాబట్టి కొట్టెయ్యరు, ఎర్ర పట్టీ కొట్టి వదిలేస్తారు. ఆవిడ ఫోన్‌లో ఆ పట్టీ ఫొటో నాకు చూపించారు.

ఆయన: ఇప్పుడు డబ్బు మాట. ఓడ దిగే ప్రతి మనిషికీ తలకింత అని దీవి ప్రభుత్వం పన్ను తీసుకుంటుంది. ఒక దీవి దాన్ని రెండు డాలర్లు పెంచుతానంటే ఓడ ఆ రేవు మానేసి పక్క రేవుకు పోగలదు. దీవి పక్కకు జరగలేదు. అందుకని ఒకరిని చూసి ఒకరు తగ్గుతారు. మనకు తిండి ఓడలోనే, పడక ఓడలోనే, పాట కచేరీ ఓడలోనే. ఇంక దిగి కొనేదేముంది? టీషర్టు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మ. ఊళ్ళో హోటల్లో దిగినవాడు గదికిస్తాడు, భోజనానికిస్తాడు, కారుకిస్తాడు. చేపలు పట్టేవాడి దాకా చేరుతుంది ఆ డబ్బు. ఇప్పుడైతే ఓడ కంపెనీలకు ఊరు కూడా అక్కర్లేదు. బహామాస్‌లో డిస్నీ ఓడలకు 1998 నుంచి సొంత దీవి ఉంది. రాయల్ కరీబియన్ వాళ్ళు కోకోకే అని ఇంకో దీవిని 2019లో నీటి జారుడుబల్లలతో నింపి తెరిచారు. అక్కడ బడి ఉండదు, సంత ఉండదు, నాకు ఎదురుప్రశ్న వేసే ముసలాయన ఉండడు.

ఆవిడ: సొంత దీవుల సంగతిలో మీతో పేచీ లేదు. డబ్బు ఇట్టిట్టే అంటే ఒప్పుకోను. 2020 మార్చిలో ఓడలన్నీ ఆగిపోయాయి. కరీబియన్‌లో పెద్ద ఓడ మళ్ళీ బయల్దేరింది 2021 జూన్‌లో, సెయింట్ మార్టిన్ నుంచి. మధ్యలో ఆ టాక్సీ నడిపే ఆవిడ ఏం తిన్నదో అడిగారా? నేనడిగాను. కొడుకు దగ్గరికి ఫ్లోరిడా పోయి ఒక అంగడిలో సామాన్లు సర్దింది. ఇంకోటి. 2017 సెప్టెంబరులో ఇర్మా, మరియా తుఫాన్లు వెంట వెంటనే వచ్చి ఆ దీవుల్ని చిందరవందర చేస్తే, ఒక క్రూజ్ ఓడ టికెట్లు కొన్నవాళ్ళ ప్రయాణం రద్దు చేసుకుని పోయి, సాన్ హువాన్, సెయింట్ థామస్, సెయింట్ క్రాయ్ నుంచి వేలమందిని ఎక్కించుకుని ఫ్లోరిడా చేర్చింది. ఓడంటే దొంగ అన్నట్టు మాట్లాడకండి.

ఆయన: దొంగ అనడం లేదు. బేరంలో ఒకరికి రెక్కలున్నాయి, ఒకరికి లేవు అంటున్నాను.

ఆవిడ: నన్ను పట్టి కుదిపింది దీవులు కాదండీ. ఓడే. మన గది సర్దిన అబ్బాయి గుర్తున్నాడా? జావా నుంచి వచ్చాడు. మొదటి రోజు నేను వేడినీళ్ళు అడిగాను. మర్నాటి నుంచి అడక్కుండానే పొద్దున్నే ఫ్లాస్కు తలుపు దగ్గరుండేది. నా మోకాలు చూసి మెట్ల దగ్గర చెయ్యి అందించేవాడు. సముద్రం మీదే ఉన్న రోజు మీరు పడుకున్నారు, నేను వాడితో మాట్లాడాను. ఎనిమిది నెలల కాంట్రాక్టు. అందులో సెలవు రోజు ఒక్కటీ లేదు. పొద్దున గదులన్నీ ఒకసారి, మనం రాత్రి భోజనానికి పోయినప్పుడు ఇంకోసారి. వాడు ఓడెక్కినప్పుడు పాకుతున్న పిల్ల ఇప్పుడు పరుగెడుతోంది, ఫోన్‌లో చూపించాడు.

ఆవిడ: నేను లెక్క వేశాను. సముద్రం మీద పనిచేసేవాళ్ళ కోసం ప్రపంచ దేశాలు 2006లో ఒక ఒడంబడిక చేసుకున్నాయి. 2013 నుంచి అమల్లో ఉంది. వారానికి కనీసం 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలని ఉంది అందులో. వారానికి గంటలెన్ని? 168. తీసెయ్యండి. 91 గంటలు పని చేయించుకున్నా ఆ లెక్కలో తప్పు లేదు. నేను బాల్కనీలో కూచుని నా చేతికి పని లేదని మురిసిపోయానే, ఆ పని ఎక్కడికీ పోలేదు. వాడి చేతుల్లోకి పోయింది.

ఆయన: నేను చెప్తున్నదీ అదే కదా! ఓడ వెనక జెండా చూశావా? కంపెనీల ఆఫీసులు మయామీలో, జెండా పనామాదో బహామాస్‌దో. ఓడ మీద పనివాళ్ళకు ఏ దేశపు చట్టమో ఆ జెండా చెప్తుంది. అమెరికాలో ఉన్న కూలి రేటు అడగడానికి వీల్లేదు. ఇట్లాంటి ఓడ ఎక్కకూడదంటే నీకు కోపం.

ఆవిడ: మీరు చెప్పేది అది కాదు. మీరు ఓడ వద్దంటున్నారు. వాడు ఓడ కావాలంటున్నాడు. ఊళ్ళో ఇల్లు సగం లేచింది, ఇంకో రెండు కాంట్రాక్టులైతే పైకప్పు పడుతుందన్నాడు. మీకు కొత్తగా చెప్పాలా? మా పిన్ని కొడుకు దుబాయ్‌లో ఇనప కడ్డీలు వంచి కట్టిన ఇల్లు చూళ్ళేదూ మీరు? మీ ఊళ్ళో మస్కట్ పోని ఇల్లెన్ని? ఆ ఎండలో పని చెయ్యొద్దు, వెనక్కి వచ్చెయ్యమని మనం ఎవరికైనా చెప్పామా? చెప్తే మా పిన్ని ఊరుకునేదా? పని పోకూడదు. పని మనిషి చెయ్యగలిగేట్టు ఉండాలి. వారానికి ఒక రోజు సెలవు ఉండాలి, పిల్లని ఆరు నెలలకొకసారైనా చూసే వీలుండాలి. దానికి మన టికెట్టు ఇంకో వంద డాలర్లు ఎక్కువైతే ఇద్దాం. నేనిస్తాను.

ఆయన: ఆ వంద వాడికి చేరుతుందని ఏమిటి?

ఆవిడ: చేరేట్టు అడగాలి. ఓడెక్కినవాళ్ళే అడగాలి. మీరు ఎక్కనంటే అడిగేవాళ్ళలో ఒకరు తగ్గారు, అంతే. ఆఖరి రోజు ఆ కౌంటరు దగ్గర వరస చూశారు కదా. రోజుకింత అని బిల్లులో వేసిన సర్వీసు డబ్బులు తీయించుకోవడానికి నిలబడ్డవాళ్ళు. అందులో మన తెలుగువాళ్ళున్నారు. వేల డాలర్లు పెట్టి వచ్చి, గది తుడిచినవాడి డబ్బుల దగ్గర లెక్క చూసుకుంటారా! నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ దగ్గరికి పోయి అన్నాను కూడా. మీరు నా కొంగు పట్టుకుని లాగారు.

లాగిన మాట నిజమేనని ఆయన ఒప్పుకున్నారు. ఈ చోట నేను పూర్తిగా ఆవిడ పక్షం. ఓడ ఎక్కాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్ళది. ఎక్కినవాళ్ళకు మాత్రం ఆ ఫ్లాస్కు పెట్టిన చెయ్యి ఎవరిదో తెలిసి ఉండాలి.

ఆయన: సెయింట్ లూసియాలో నేను ఎందుకంత చికాకుగా ఉన్నానో చెప్పనా. డెరెక్ వాల్కాట్ పుట్టిన ఊరు క్యాస్ట్రీస్. 1992లో నోబెల్ అందుకున్నాడు. ఆ చిన్న దీవికి అది రెండో నోబెల్. 1979లో అర్థశాస్త్రానికి ఆర్థర్ లూయిస్‌కి వచ్చింది. ఇద్దరిదీ జనవరి 23 పుట్టినరోజే. వాల్కాట్ నోబెల్ ప్రసంగం మొదలయ్యేది దేంతోనో తెలుసా? రామలీలతో. ట్రినిడాడ్‌లో ఫెలిసిటీ అనే పల్లెలో, చెరుకు తోటల కూలీలుగా మన దేశం నుంచి పోయినవాళ్ళ మనవలు, మునిమనవలు రామలీల ఆడుతుంటే చూశాడు. మొదట తను దాన్ని నాటకం చూసినట్టు చూశాననీ, ఆ పిల్లలకది నమ్మకమనీ తన చూపునే సరిచేసుకుంటాడు. 1845 నుంచి పోయారు ఆ కూలీలు. కలకత్తా నుంచే కాదు, మద్రాసు రేవు నుంచి కూడా. వాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. 1859 నుంచి సెయింట్ లూసియాకీ వచ్చారు. మన మనుషుల ఆనవాళ్ళున్న నేల మీద నేను నిలబడింది ఎంతసేపు? చౌరస్తాలో వాల్కాట్ పేరు పెట్టిన పార్కు దగ్గర ఫొటో తీసుకునేంతసేపు.

ఆవిడ: ఆ తర్వాత వ్యానులో సూఫ్రియేర్ దాకా పోయాం కదా, పీటన్ శిఖరాలు చూడ్డానికి. కొండల మీద గంటకు పైగా మెలికల దారి. మీరు ఫోన్‌లో ఆ ప్రసంగం చదువుతూనే ఉన్నారు. కిటికీలోంచి అరటి తోటలు పోతున్నాయి. గెల గెలకూ నీలం ప్లాస్టిక్ సంచి తొడిగి ఉంది. పురుగు పట్టకుండా, తొక్క మీద గీత పడకుండా. డ్రైవరు తండ్రి అరటి రైతు. ఒకప్పుడు ఆ గెలలన్నీ ఓడెక్కి ఇంగ్లండ్ పోయేవట. యూరప్ వాళ్ళు ఈ దీవుల అరటిని సుంకం లేకుండా రానిచ్చేవాళ్ళు. మధ్య అమెరికాలో పెద్ద కంపెనీల తోటలున్నాయి కదా, వాళ్ళ తరఫున కేసు పడింది, ఈ దీవుల రాయితీ కరిగిపోయింది. రెండు మూడెకరాల రైతు ఎక్కడ తట్టుకుంటాడు?

ఆయన: ప్రపంచ వాణిజ్య సంస్థలో నడిచింది ఆ తగాదా. 2009లో గానీ తేలలేదు.

ఆవిడ: చూశారా, మీకు తారీఖు తెలుసు. ఆ కొడుకు పొలం వదిలేసి వ్యాను కొన్నది నాకు తెలుసు. రెండూ కావాలి కదండీ.

ఇద్దరూ కాసేపు పోట్లాట మరిచిపోయి ఆ నీలం సంచుల గురించే మాట్లాడుకున్నారు. సెయింట్ కిట్స్ పేరు ఆవిడే ఎత్తారు. ఆయన అప్పటిదాకా ఎవరికీ ఆ రోజు గురించి చెప్పలేదట.

ఆయన: సెయింట్ కిట్స్‌లో చెరుకు రైలు ఉంది. ఫ్యాక్టరీకి చెరుకు చేరెయ్యడానికి 1912లో మొదలుపెట్టి దీవి చుట్టూ వేసిన సన్న పట్టాలు. అంతకుముందు దాదాపు రెండు వందల ఏళ్ళు ఆ చెరుకు నరికింది ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన బానిసలు. బ్రిమ్‌స్టోన్ హిల్ మీద కోటకు రాళ్ళు మోసిందీ వాళ్ళే. 1834లో బానిసత్వం పోయినా చెరుకు పోలేదు. 2005లో ఫ్యాక్టరీ మూసేశారు. దీవి మొత్తం బతికిన పంట ఒక్క ఏడాదితో ఆఖరు. ఇప్పుడు ఆ పట్టాల మీద మనలాంటివాళ్ళని తిప్పుతున్నారు. పక్కన ఎవరూ నాటని చెరుకు, దానంతటది మొలిచి గాలికి ఊగుతోంది. పాత గానుగల పొగగొట్టాలు మధ్యమధ్యలో.

నేను బోధన్ పిల్లాడిని. 1937లో నిజాం రోజుల్లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ మాది. చెరుకు బండ్లు రోడ్డు పొడవునా రాత్రంతా నిలబడేవి, ఎడ్లు నెమరేస్తూ. మా ఇంటి దాకా బెల్లప్పాకం వాసన, దాంతోపాటు మొలాసిస్ కంపు. శక్కర్‌నగర్ క్వార్టర్లలో నా స్నేహితులుండేవాళ్ళు. 2015లో మూతపడింది. తర్వాత నేను పోయినప్పుడు ఆ గేటు దగ్గర నిలబడలేకపోయాను. భూమికి ఆ చివర, పేరు కూడా సరిగా పలకలేని దీవిలో, రైలు మీద కూచుని ఆ పొగగొట్టాన్ని చూస్తే నా కడుపులో తిప్పేసింది. రైల్లో అందరికీ రమ్ పోస్తున్నారు. పాటలు పాడేవాళ్ళు పెట్టె పెట్టెకూ వచ్చి పాడుతున్నారు. బాగా పాడారు. వాళ్ళ తాతలు నరికిన చెరుకు కదా అది. నాకు దిగిపోయి ఆ ఫ్యాక్టరీలో పనిచేసినవాడు ఒక్కడు దొరికితే పక్కన కూచోవాలనిపించింది. మీకు జీతం బకాయిలు ఇచ్చారా, పిల్లలు ఎటు పోయారు, ఇప్పుడు పొద్దున లేచి ఏం చేస్తారు అని అడగాలనిపించింది. సాయంత్రానికి ఓడ.

ఆవిడ: ఆ రోజు రాత్రి భోజనానికి రానన్నారు. తల నొప్పన్నారు.

ఆయన: అవును.

ఆవిడ: ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఆ పట్టాలు ఇంకా ఎందుకున్నాయి? ఓడ జనం దిగి టికెట్టు కొంటున్నారు కాబట్టి. లేకపోతే పాత ఇనుము కింద తూకానికి పోయేవి. బోధన్‌లో పాడేవాళ్ళు లేరు, చూపించేవాళ్ళు లేరు.

ఆయన: పట్టాలు మిగిలితే చాలా? నేను మనుషుల గురించి అడుగుతున్నాను.

ఆవిడ: మనుషులకు పని దొరికింది అంటున్నాను.

ఆయన: ఏం పని? మనకు రమ్ పొయ్యడం. చక్కెర చేసేవాడు వడ్డించేవాడయ్యాడు. పోనీ అదీ ఓడ వచ్చిన రోజే.

ఆవిడ: వడ్డించడం తక్కువ పనా? నేను ముప్పై ఏళ్ళు చేసింది అదే.

ఆయన మాట్లాడలేదు. ఇది గెలుపోటముల మాటగా నేను రాయడం లేదు. ఇద్దరి మాటా నిజమే అనిపించి, ఏ వైపూ పోలేక కూచున్నాను. చేస్తున్న పని చిన్నదా పెద్దదా అన్నది ఒక ప్రశ్న. ఆ పని రేపు ఉంటుందో లేదో నిర్ణయించేది ఎవరు అన్నది ఇంకొకటి. ఆయన రెండోదాని గురించి అడుగుతున్నారు, మొదటిదానిలా వినపడింది.

సెయింట్ మార్టిన్ మీద పెద్దగా తగువు లేదు. సగం ఫ్రాన్స్‌ది, సగం నెదర్లాండ్స్‌ది, 1648 నుంచీ. మధ్య సరిహద్దులో ఆపి అడిగేవాళ్ళుండరు. ఫిలిప్స్‌బర్గ్ ముందువీధిలో నగలు, కెమెరాలు అమ్మే సింధీలు హిందీలో పలకరించి టీ ఇచ్చారట. వీధి వెనకే పెద్ద ఉప్పుకొలను. డచ్చివాళ్ళు ఆ దీవికి వచ్చిందే ఆ ఉప్పు కోసం. దాన్ని గోకి మూటలు మోసినవాళ్ళు అక్కడా బానిసలే. ఇప్పుడు ఆ కొలను ఒడ్డునే ఊరి చెత్తకుప్ప కొండలా లేచి ఉంది. ఆయన దాన్ని చూడటానికే పోయారు, ఆవిడ ముక్కుపుడక కొనుక్కున్నారు.

ఆయన: సరే. వచ్చే ఏడాది సెయింట్ లూసియా పోదాం. ఒక్క దీవే. రెండు వారాలు. సూఫ్రియేర్‌లో చిన్న ఇల్లు అద్దెకు తీసుకుందాం.

ఆవిడ: వింటున్నారా అన్నయ్యా? మళ్ళీ ఇల్లట!

ఆయన: వంట నేను చేస్తాను.

ఆవిడ: ఏం చేస్తారు?

ఆయన: అక్కడి సంతలో ఏముంటాయో చూశాను కదా. అరటికాయలు, చేమదుంపలు, బెండకాయలు, వంకాయలు, కొబ్బరి, చింతపండు. సీమపనస కూడా. తోటల్లో బానిసలకు చవకగా తిండి పెట్టొచ్చని 1793లో తాహితి నుంచి ఓడ మీద మొక్కలు తెప్పించి పక్క దీవి సెయింట్ విన్సెంట్‌లో నాటారు. ఇప్పుడు ఆ దీవుల్లో అది ముఖ్యమైన తిండి.

ఆవిడ: చరిత్ర అడగలేదండీ. చేమదుంప ఉడికించి తొక్క తియ్యడం వచ్చా?

ఆయన: నేర్చుకుంటాను.

ఆవిడ: పచ్చి చేమదుంప చెక్కుతుంటే చేతులు దురద పెడతాయి. నూనె రాసుకోవాలి. అదీ తెలియదు మీకు. గిన్నెలు?

ఆయన: నేనే.

ఆవిడ: పొద్దున వేడినీళ్ళు?

ఆయన: అవీ నేనే. అయితే ఒకటి. ఆ అరటి రైతు ఇంటికి, ఆ వ్యాను డ్రైవరు తండ్రి దగ్గరికి నువ్వు నాతో రావాలి. నీతో అయితే మాట్లాడతారు. నేను తారీఖులడుగుతాను.

ఆవిడ: వస్తాను. కానీ ఆ పైఏడాది మళ్ళీ ఓడే. మా అక్కని తీసుకుపోతాను. దానికి మోకాళ్ళు నాకంటే అన్యాయం, అద్దె ఇళ్ళ మెట్లు ఎక్కలేదు. మీరు రావాలంటే రండి, లేకపోతే లేదు.

ఆయన: ఓడ మీద నాకున్న అభిప్రాయం మారలేదు.

ఆవిడ: మార్చుకోమని మిమ్మల్నెవరన్నారు? ముందు ఈ ఆదివారం నుంచి అరటికాయ వేపుడు మొదలుపెట్టండి. అది కుదిరాక టికెట్లు చూద్దాం.